తిరగేసిన స్వెటరు

మడతమ్మకి ఆ పేరు ఎవరు పెట్టారో తెలీదుగానీ, పెట్టినవాళ్ళ నోట్లో చక్కెర పొయ్యాలి. ఆవిడ లాండ్రీ నడుపుతుంది. ఆవిడ చేతికింద నలిగిన చొక్కా మిగలదు, నలగని పనిమనిషీ మిగలదు. చొక్కాకి ముందు కాలరు, తర్వాత భుజాలు, తర్వాత చేతులు, ఆఖరికి వీపు. ఇస్త్రీ ఈ వరసలోనే సాగాలి. కొత్తగా చేరిన ఒకావిడ వీపుతో మొదలుపెట్టిందని, అప్పటికే అయిపోయిన చొక్కాని తడిపించి మళ్ళీ కాలరు దగ్గర్నించి చేయించింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనుషుల్ని మనం చూశాం. మడతమ్మ ఆ మూడు కాళ్ళకీ ఇస్త్రీ కూడా చేసి చూపిస్తుంది.

ఇలాంటి మనిషికి ఒకటే కొరత. పిల్లల్లేరు. భర్త ఎప్పుడో పోయాడు. సాయంత్రం షాపు మూసి ఇంటి తాళం తీస్తే లోపల్నించి ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేదీ పలకరించదు. తలుపు తెరవగానే ఒక పిల్ల పరిగెత్తుకొచ్చి తన కాళ్ళు చుట్టేసుకోవాలి. లోకంలో ఆవిడకి కావలసింది అదొక్కటే. వినడానికి చిన్న కోరికే. చిన్న కోరికలున్నవాళ్ళ దగ్గరే మనం జాగ్రత్తగా ఉండాలి.

ఆ పిల్ల ఎవరో కూడా ఆవిడ ఎప్పుడో ఖాయం చేసేసుకుంది. తమ్ముడి కూతురు. తమ్ముడు ఓడల్లో పనిచేస్తాడు. భార్యతో పొసగక విడిపోయాడు. కూతురు తన ఇంట్లోనే పెరగాలని కోర్టులో కేసు వేశాడుగానీ, పేరు అతనిది, పట్టు అక్కది. అక్క ఫోన్ చేస్తే అతను సముద్రం మీదనుంచి "నీ ఇష్టం అక్కా" అనేవాడు, అంతే. కేసు తేలేదాకా పిల్ల తల్లి దగ్గర ఉండాలనీ, ఆదివారాలు మాత్రం అత్త దగ్గరకి వెళ్ళాలనీ ఏర్పాటు.

తల్లి బట్టలు సరిచేసే దర్జీ. మెకానిక్ షెడ్డు పైన ఒక గది, కిటికీ దగ్గర ఒక మిషను. లావైనవాళ్ళకి కుట్లు విప్పుతుంది, చిక్కినవాళ్ళకి కుట్లు బిగిస్తుంది. ఆ గుడ్డపీలికల మధ్య పాకి, లేచి, నడిచిన పిల్ల కాబట్టి అందరూ దాన్ని గుండీ అనేవాళ్ళు. దానికి నాలుగేళ్ళు నిండాయి.

గుండీ ఒకప్పుడు మహా మొండి. నీలం కప్పు కనిపించకపోతే పాలు ముట్టేది కాదు. రొట్టెని మూలనుంచి మూలకి కోస్తేనే తినేది; పొరపాటున అడ్డంగా కోస్తే, ఆ ముక్కల్ని మళ్ళీ అతికించి ఇమ్మని ఇల్లు పీకి పందిరేసేది. పిల్లల డాక్టరమ్మ చూసి నవ్వింది. "దీనికి మందెందుకమ్మా? ఇంట్లో ఉన్నవాటితోనే ఆడించు. ఆట మధ్యలో రూలు మారుస్తూ ఉండు. మారితే కొంపలేం మునగవని దానికే తెలిసొస్తుంది" అంది. మొక్కై వంగనిది మానై వంగునా అని బెత్తం పట్టుకునే తల్లులున్నారు. ఈ తల్లి బెత్తం పట్టలేదు, గుండీల డబ్బా తీసింది.

మూతల్లో గుండీలు వేయడం మొదటి ఆట. ఎర్రవి ఒక మూతలో, తెల్లవి ఒక మూతలో. తల్లి కత్తెర టకటకలాడించిందంటే రూలు మారినట్టు: ఇప్పుడు రంగు లెక్కలేదు, రెండు చిల్లులవి ఇటు, నాలుగు చిల్లులవి అటు. మళ్ళీ టకటక, ఇప్పుడు పెద్దవీ చిన్నవీ. రెండో ఆట 'ఇది లేకపోతే ఇంకేంటి?'. బండికి చక్రం లేకపోతే ఇంకేంటి? దారపు ఉండ చక్రం. బొమ్మకి కుర్చీ లేకపోతే? వేలికి పెట్టుకునే అంగుస్తాను బోర్లిస్తే కుర్చీ. నీలం కప్పు లేకపోతే? ఆ ప్రశ్న వచ్చిన రోజు గుండీ చాలాసేపు ఆలోచించి, ఆకుపచ్చ కప్పులో పాలు పోయించుకుని, కళ్ళు మూసుకుని తాగేసింది. తల్లి అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. అంత సంతోషం ఆ గదికి ఆమధ్యకాలంలో రాలేదు.

మూడోది తిరగేసిన ఆట. దాని సంగతి ఒక ఆదివారం మడతమ్మ ఇంట్లో బయటపడింది.

గుండీ అత్త ఇంటికి గుండీల సంచీ పట్టుకెళ్ళేది. అత్తతో మూతల ఆట ఆడబోయింది.

"ఇప్పుడు రంగు కాదత్తా, చిల్లులు."

మడతమ్మ చెయ్యి ఎర్రగుండీ పట్టుకుని ఎర్ర మూత దగ్గరే ఆగిపోయింది. "రంగులు మొదలుపెట్టాం కదా, ముందవి అవ్వనీ."

"రూలు మారిపోయిందత్తా."

"మధ్యలో మారిపోతే అది రూలెలా అవుతుంది?"

గుండీకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. పోనీలే, అత్తకింకా రాదు అనుకుందేమో, ఆవిడ చెయ్యి నిమిరింది. మడతమ్మ ఆ నిమరడానికి ఒళ్ళంతా కరిగిపోయింది. ఆవిడ ప్రేమ అబద్ధమని నేననను. అది నిజమే, అందుకే అంత చేటు చేసింది.

"నీకేది రాకపోయినా పర్లేదు, తిరగేసిన ఆట వస్తుందిలే" అంది గుండీ. "స్వెటరు లోపలి వైపు బయటికి తిప్పి వేసుకో. అప్పుడేది చెప్తే దానికి తిరగేసి చెయ్యాలి. రమ్మంటే వెళ్ళిపోవాలి. కూర్చోమంటే నిలబడాలి."

"ఎవరు తిప్పి వేసుకోవాలి?"

"ఎవరైనా. ఎవరో ఒకళ్ళ ఒంటిమీద తిరగేసుంటే చాలు. కానీ నవ్వకూడదు. నవ్వితే ఓడిపోయినట్టు. మళ్ళీ సరిగ్గా వేసుకుంటేనే ఆట అయిపోయినట్టు. అప్పుడు అమ్మ నన్ను పట్టుకుని కితకితలు పెడుతుంది, ఇద్దరం గట్టిగా నవ్వుతాం."

మడతమ్మ లోపలికెళ్ళి నల్ల స్వెటరు తిరగేసి వేసుకొచ్చింది. నల్లదాని కుట్లు మామూలు కళ్ళకి కనిపించవు. దర్జీ కూతురి కళ్ళు మాత్రం ముందు కుట్లమీదే పడతాయి. గుండీ వెంటనే పెదాలు లోపలికి మడుచుకుని బిగపట్టింది, నవ్వు రాకుండా.

"రా" అంటే వెనక్కి వెళ్ళింది. "వెళ్ళు" అంటే వచ్చింది. ఇవి ఎవరైనా చేస్తారు. మడతమ్మ ఇంకో మాట అడిగింది. "ఆ గూట్లో నీకన్నిటికంటే ఇష్టమైన బొమ్మ తెచ్చుకో."

గూట్లో గుండీ ప్రాణం పెట్టే గుడ్డబొమ్మ ఉంది. పక్కనే ఒంటికన్ను ఎలుగుబంటి ఉంది, దాన్ని చూస్తే పిల్లకి భయం. గుండీ గుడ్డబొమ్మ వైపు ఒకసారి ఆశగా చూసి, ఎలుగుబంటిని తీసుకుని గుండెలకి హత్తుకుంది. భయంతో మెడ బిగుసుకుపోయినా వదల్లేదు. ఆటంటే ఆటే.

మడతమ్మ ఆ ఎలుగుబంటి వంక చాలాసేపు చూసింది. ఆవిడకి ఆటలు రావని చూశాం కదా. ఇదొక్కటీ వచ్చేసింది.

కోర్టువాళ్ళు ఒక కౌన్సిలర్‌ని పెట్టారు. రెండిళ్ళూ చూసొచ్చిన ఆవిడకి ఎటూ తేలలేదు. ఇటు చూస్తే పెద్ద ఇల్లు, అటు చూస్తే కన్నతల్లి. పిల్ల మనసెటుందో చూడాలంది. ఒక గది, గోడకి జంతువుల బొమ్మలు, రంగు పెన్సిళ్ళు, ఎదురెదురు మూలల్లో రెండు కుర్చీలు. ఒకదాంట్లో తల్లి, ఇంకోదాంట్లో అత్త. "మీరిద్దరూ మాట్లాడకూడదు, సైగలు చెయ్యకూడదు. పాపకి నేనే చెప్తాను" అంది కౌన్సిలర్.

తల్లి పనిలోంచి లేచి పరుగున వచ్చింది, కొలత టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. గుండీ గుమ్మంలోంచి తల్లిని చూసి ఒకడుగు అటు వేసింది కూడా. అప్పుడు పడ్డాయి దాని కళ్ళు అత్త స్వెటరు మీద. భుజం కుట్టు బయటికుంది. చంకకింద దారం పోగులు బయటికున్నాయి.

"నీకు ఎవరి దగ్గర ఉండటం ఇష్టమో వాళ్ళ దగ్గరికి వెళ్ళమ్మా" అంది కౌన్సిలర్, తేనెలాంటి గొంతుతో.

గుండీ పెదాలు లోపలికి మడుచుకుంది. తల్లివైపు చూసింది, చూశావా అమ్మా నాకెంత బాగా వచ్చో అన్నట్టు. గిరుక్కున తిరిగి పరిగెత్తి అత్త ఒళ్ళో మొహం దాచేసుకుంది. నవ్వొచ్చేస్తుంటే ఇంకెక్కడ దాచుకుంటుంది పాపం.

తల్లి మొహంలో నెత్తురు చుక్క లేదు. తర్వాత ఆవిడకీ కనిపించాయి ఆ కుట్లు.

"మేడమ్, ఆవిడ స్వెటరు తిరగేసి వేసుకుంది."

"మాట్లాడొద్దన్నాను కదమ్మా."

"అది ఆట మేడమ్. మా ఇంట్లో ఆడుకునే ఆట. స్వెటరు తిరగేసుంటే పాప అన్నీ తిరగేసి చేస్తుంది. వదినా, చెప్పండి. మీకు తెలిసే వేసుకున్నారు కదా, చెప్పండి వదినా."

మడతమ్మ వంగి తన ఒంటివైపు చూసుకుంది. నోట్లో వేలు పెడితే కొరకలేనంత అమాయకంగా నవ్వింది. "అయ్యో, నిజమే సుమా. తొందర్లో చూసుకోలేదు. లాండ్రీ నడిపేదాన్ని, సిగ్గుచేటు."

కౌన్సిలర్ కూడా నవ్వింది. తర్వాత తల్లివైపు తిరిగినప్పుడు ఆ నవ్వు లేదు. పిల్ల తన దగ్గరికి రాలేదని స్వెటరుమీద నేరం మోపే ఆడదాని గురించి ఎవరేమనుకుంటారో ఆవిడా అదే అనుకుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఎలుక ఎంత గట్టిగా అరిస్తే పిల్లి అంత సాధుజంతువులా కనిపించింది.

పిల్ల కొన్నాళ్ళు అత్త ఇంట్లో ఉండాలని, తర్వాత ఇంకోసారి చూసి ఖాయం చేద్దామని తేల్చారు. పిల్ల కుదుటపడేదాకా తల్లి కనిపించకపోతేనే మంచిదని మడతమ్మ మెల్లగా అంది. కౌన్సిలర్ అదీ ఒప్పుకుంది.

కారు కదలగానే గుండీ ఒళ్ళోంచి తలెత్తింది. "అత్తా, ఇప్పుడు స్వెటరు సరిగ్గా వేసుకో. అమ్మ అక్కడే నిలబడింది."

మడతమ్మ తడుముకోలేదు. అలాంటివాళ్ళకి మాట వెంటనే దొరుకుతుంది. "ఆట ఇంకా అవ్వలేదమ్మా. ఇది పెద్దాట. నువ్వు నవ్వకుండా ఉండాలి."

"గెలిస్తే అమ్మొస్తుందా?"

"ఊఁ."

గుండీ తలూపి, పెదాలు మడుచుకుని కూర్చుంది. ఏడుపు లేదు, పేచీ లేదు. ఇంత తేలిగ్గా అయిపోయిందేమిటా అని మడతమ్మే ఆశ్చర్యపోయింది. ఇంటికెళ్ళగానే స్వెటరు విప్పి, పాతబట్టలు తీసుకెళ్ళేవాళ్ళకి ఇచ్చేసింది. గుండీల సంచీ అటకెక్కించింది. ఈ ఇంట్లో ఆటలుండవని చెప్పింది.

"అత్తా, స్వెటరేది?" అని పిల్ల అడిగేది.

"ఉతకడానికెళ్ళింది."

"ఉతికేది నువ్వే కదా?"

"అది వేరే షాపుకెళ్ళింది."

కొన్నాళ్ళకి అడగడం మానేసింది. మరిచిపోయిందనుకుంది మడతమ్మ.

ఆ ఇంట్లో గుండీ బంగారంలాంటి పిల్ల. పెట్టింది తినేది, పడుకోమంటే పడుకునేది. తెచ్చిన బొమ్మలన్నీ బుద్ధిగా వరసలో పెట్టేది. నవ్వేది మాత్రం కాదు. కీ ఇస్తే పిల్లిమొగ్గలేసే కోతిని తెస్తే పెదాలు మడుచుకుని కళ్ళప్పగించి చూసింది. పక్కింటివాళ్ళు "ఏమిటమ్మా, పిల్ల నవ్వదు?" అంటే, "మా వంశంలో అందరం గంభీరమే" అని మడతమ్మ గర్వపడింది. నిద్రలో మాత్రం ఒక్కోసారి కిలకిలమని నవ్వేది. పొద్దున్న లేచి, తను నవ్విందా అని భయంభయంగా అడిగేది. లేదంటే ఊపిరి పీల్చుకునేది. ఎందుకలా అడుగుతోందో మడతమ్మ ఒక్కసారైనా ఆలోచించలేదు. ఆలోచిస్తే ఏం తెలుస్తుందో ఆవిడకి లోపల్లోపల తెలుసనే నా అనుమానం.

తప్పు చేశానన్న బాధ ఆవిడకి లేదు. తలుపు తీస్తే పిల్ల పరిగెత్తుకురావడం లేదన్న బాధ ఉంది. ఇల్లంతా పిల్ల ఉంది, కానీ కాళ్ళని చుట్టుకునే చేతుల్లేవు. దానికోసం మడతమ్మ చెయ్యనిది లేదు. నీలం కప్పు కొంది. రొట్టె మూలనుంచి మూలకి కోసింది. షాపులో గుండీ చిన్న చొక్కాని వీపు దగ్గర్నించి మడత పెడుతుంటే, పనివాళ్ళంతా ఊపిరి బిగపట్టి చూస్తుండగా, "అలాగే కానీ తల్లీ" అంది. మాను వంగదన్న సామెత ఆ పూట అబద్ధమైపోయింది. జ్వరం వచ్చినప్పుడు పిల్ల తన వేలు పట్టుకుని వదలకుండా పడుకుంటే, చెయ్యి తిమ్మిరెక్కినా కదపలేదు. ఇది నన్ను నమ్మింది, ఇక ఇది నాదే అనుకుని ఏడ్చింది. ఆ ఏడుపూ నిజమే.

కౌన్సిలర్ మళ్ళీ పిలిచిన రోజు మడతమ్మ కావాలనే స్వెటరు వేసుకోలేదు. తెల్లచొక్కా వేసుకుంది, గుండీలన్నీ ముందుకే, కాలరు కత్తిలా ఉంది. ఈసారి మోసం అక్కర్లేదు. పిల్ల తనంతట తను రావాలి. వస్తుందని కాస్త నమ్మకం, రాదేమోనని బోలెడంత భయం. పొద్దున్న తనే గుండీకి పసుపుపచ్చ గౌను తొడిగి, చలిగా ఉందని పైన కోటు వేసింది.

కౌన్సిలర్ ఆఫీసుకెళ్ళాక గుండీ బాత్రూమ్‌కి వెళ్తానంది. చాలాసేపు రాలేదు. తలుపు కొట్టి, "ఏమ్మా, సాయం రానా?" అంటే, "నాకొచ్చులే అత్తా" అంది. బయటికొచ్చేసరికి జుట్టు చెదిరింది, కోటు గుండీలు ఒకటి ఎగుడూ ఒకటి దిగుడూగా పెట్టుకుంది. మడతమ్మ జుట్టు సర్దింది.

అదే గది, అవే జంతువులు, అవే కుర్చీలు. తల్లి సగానికి సగం చిక్కిపోయింది. తన బట్టల కుట్లు బిగించుకునే ఓపిక కూడా లేనట్టుంది, జాకెట్టు భుజాలమీంచి జారుతోంది. ఏం కనిపించినా నోరెత్తొద్దని, కిందటిసారి మాటలే కొంప ముంచాయని ఆమె వకీలు హెచ్చరించి పంపాడు.

"నీకు ఎవరి దగ్గర ఉండటం ఇష్టమో వాళ్ళ దగ్గరికి వెళ్ళమ్మా" అంది కౌన్సిలర్.

గుండీ తల్లికి ఎదురుగా వెళ్ళి నిలబడింది. మడతమ్మకి పిల్ల వీపు మాత్రమే కనిపిస్తోంది. పిల్ల కోటు పైగుండీలు రెండు విప్పి, కాస్త తెరిచి తల్లికి ఏదో చూపించింది. తల్లి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు ధారలు కడుతున్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. కౌన్సిలర్ వైపు చూసి ఏదో అనబోయి, వకీలు మాట గుర్తొచ్చి ఆగిపోయింది.

అప్పుడు గుండీ వెనక్కి తిరిగింది. పరిగెత్తింది. వచ్చి రెండు చేతులతో మడతమ్మ కాళ్ళు గట్టిగా చుట్టేసుకుంది.

ఇన్నేళ్ళుగా తలుపు దగ్గర ఆవిడ ఎదురుచూసిన పరుగే అది. మడతమ్మ కుర్చీలోంచి జారి మోకాళ్ళమీద కూలబడింది. ఏ మాయా చెయ్యలేదు, ఏ స్వెటరూ లేదు, పిల్ల తనంతట తను వచ్చింది. పైకే ఏడ్చేస్తూ పిల్లని హత్తుకుంది. "ఇంక సందేహమేముంది" అంది కౌన్సిలర్, తనకీ కళ్ళు చెమర్చగా. "పాప మీ దగ్గరే ఉంటుంది."

మడతమ్మ చెయ్యి కోటులోపలికి పోయి పిల్ల వీపు నిమిరింది. జీవితమంతా బట్టలు తడిమిన చెయ్యి. దాని కింద మెత్తటి గుడ్డ తగలాలి. గరుకుగా నిలువు కుట్టు తగిలింది. పక్కన మడిచిన అంచు, దారం పోగులు, మెడ దగ్గర బయటికొచ్చిన కంపెనీ చీటీ.

గౌను తిరగేసుంది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. తేలు కుట్టిన దొంగకి అరిచే వీలుండదు. పైకి ఏమని చెప్పుకుంటుంది? ఎవరికి చెప్పుకుంటుంది? ఆ గదిలో సంగతి తెలిసినవాళ్ళు ఇంకిద్దరే. ఒకావిడ నోరెత్తకూడదు. రెండోది చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసలాడుతోంది.

"స్వెటరు లేదు కదత్తా. అది లేకపోతే ఇంకేంటి అని ఆలోచించాను. నా గౌనుంది కదా. నేనే తిప్పుకున్నాను. ఇప్పుడిది సరిగ్గా వేస్తే ఆట అయిపోతుంది." కాస్త ఆగి అంది, "నేనొక్కసారి కూడా నవ్వలేదత్తా. వెయ్యవా?"

ఎదురుగా తల్లి కుర్చీ అంచుమీదకి జరిగి, చేతులు కాస్త చాచి చూస్తోంది. మడతమ్మ ఆ చేతుల్ని చూసింది. ఒక్క మాట చాలు, అదీ తెలుసు. ఇంటి తాళం, ఫ్రిజ్ చప్పుడు గుర్తొచ్చాయి.

కోటు ముందుకి లాగి, విప్పిన గుండీలు ఒక్కొక్కటే మెడదాకా పెట్టింది.

"ఇంకాసేపమ్మా" అంది.

గుండీ సరేనని తలూపి, నవ్వు రాకుండా పెదాలు లోపలికి మడుచుకుంది.